కొనుగోలు కాగితంలో కరువు

మన సంఘం ప్రత్యేక సంచికకు సర్వీసు రోజుల గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మిత్రులు చాలామంది మిషను షాపు గురించి, క్వార్టర్సు గురించి, క్యాంటీను గురించి చక్కగా రాస్తున్నారు. నేను 1976లో చేరి 2008లో రిటైరయ్యేవరకు లా విభాగంలోనే ఉన్నాను. అందులో ఎక్కువ కాలం పర్చేజ్ డిపార్టుమెంటుకు న్యాయసలహా ఇచ్చే పని. ఎలక్ట్రానిక్స్ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ రంగ సంస్థలో న్యాయవాదికి ఏం పని అని మా బంధువులు అడిగేవారు. కోర్టుకు వెళ్ళడం అందులో పదో వంతు కూడా లేదు. మిగతాదంతా కాగితం మీద పనే. ఆ కాగితానికి ఒక చరిత్ర ఉంది. అందులో కొంత మన అనంతపురం నేలమీదే జరిగింది. నా చేతిమీదుగా జరిగిన ఒక పొరపాటు కూడా ఆ చరిత్రలో ఒక చిన్న ముక్క. ఈ రెండూ కలిపి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పర్చేజ్‌లో లేని మిత్రుల కోసం ముందుగా నాలుగు మాటలు. షాపు నుంచి ఇండెంటు వస్తుంది. టెండరు పిలుస్తారు. కొటేషన్లన్నీ ఒక పట్టికగా వేసి, తక్కువ ధర వేసినవాణ్ణి ఎల్-1 అంటారు. ఫైనాన్సు వారి అంగీకారం అయ్యాక పర్చేజ్ ఆర్డరు వెళుతుంది. ఆర్డరు ముందు పేజీలో సరుకు, ధర, గడువు ఉంటాయి. వెనుక పేజీలో సన్న అక్షరాలతో షరతులుంటాయి. ఆ వెనుక పేజీ మా పేజీ. సరుకు ఆలస్యమైతే వారానికి అర శాతం చొప్పున కోత, అదే మనం ఎల్.డి. అనేది. అసలే ఇవ్వకపోతే ఆర్డరు రద్దుచేసి మరొకరి దగ్గర కొని, ఎక్కువైన ధరను మొదటివాడి దగ్గర వసూలు చేయడం, అది రిస్క్ పర్చేజ్. వరద, భూకంపం, యుద్ధం, అగ్నిప్రమాదం, సమ్మె వంటివి వస్తే సప్లయరుకు మినహాయింపు, అది ఫోర్స్ మెజ్యూర్ క్లాజు. తగాదా వస్తే ఆర్బిట్రేషన్. ఇవి సరిగ్గా ఉన్నాయా లేదా చూడటం, తగాదా వచ్చినప్పుడు ఏ క్లాజు వర్తిస్తుందో నోట్ షీటుమీద అభిప్రాయం రాయడం నా ఉద్యోగం.

ఈ విద్య నేను లా కాలేజీలో నేర్చుకోకముందే మా ఊళ్ళో విన్నాను. మాది కళ్యాణదుర్గం వైపు మెట్ట పల్లె. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన అని లెక్కల్లో ఉంటుంది గాని, అది ఎప్పుడు పడుతుందో, ఒక్క రోజే పడిపోతుందో ఎవరికీ తెలియదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అవుతాయి, ఈశాన్యపు వాన మనదాకా వచ్చేసరికి పలచబడుతుంది. అటువంటి చోట చేను ఇచ్చుకునే పద్ధతులు రెండు. కోరుకు ఇస్తే పండినదానిలో భాగం, పండకపోతే ఇద్దరికీ లేదు. గుత్తకు ఇస్తే ముందుగా ఖాయం చేసుకున్నది, వాన పడినా పడకపోయినా కట్టవలసిందే. “కోరులో దేవుడు కూడా ఒక భాగస్తుడురా, గుత్తలో ఆయనకు చోటు లేదు” అనేవాడు మా అబ్బ. పర్చేజ్ ఆర్డరు అచ్చంగా గుత్త కాగితమేనని నాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అర్థమైంది.

ఈ గుత్త పద్ధతిని ప్రభుత్వమే ఒకసారి మన ప్రాంతం మీద ప్రయోగించి చూసింది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కుంపిణీకి వదులుకున్నాడు. దత్తమండలాలన్న పేరు అప్పటిదే. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురాన్ని ముఖ్యస్థానం చేసుకుని 1807 వరకు ఉన్నాడు. ఆయన శిస్తు తక్కువదేమీ కాదు. అయితే రైతువారీ పద్ధతిలో ఏటా రైతుతో లెక్క చూసుకోవడం, పంట పోయిన ఏడు మాఫీ చేయడం ఉండేవి. వెళ్ళేముందు శిస్తును నాలుగో వంతు తగ్గించమని కూడా ఆయన సిఫారసు చేశాడు. మద్రాసు ప్రభుత్వం దానిని పక్కనపెట్టి, 1808లో ఊరికి ఊరినే గుత్తకు ఇచ్చే పద్ధతి తెచ్చింది. మొదట మూడేళ్ళకు, ఆ తర్వాత పదేళ్ళకు. గుత్తదారు ఒప్పుకున్న మొత్తం కట్టాలి, వానలు వాడి అదృష్టం. వానలు తప్పాయి. గుత్తదారులు బాకీపడ్డారు, పాత గ్రామ పెద్దల కుటుంబాలు చితికిపోయాయి. చివరికి ఆ గుత్తలకు స్వస్తి చెప్పి మళ్ళీ రైతువారీకే వచ్చారు. అప్పటికి, అంటే 1820లో, మన్రో మద్రాసు గవర్నరయ్యాడు. నాలుగో వంతు తగ్గింపు కూడా ఆయన హయాంలోనే అమలుకు వచ్చింది. కరువు నష్టమంతా బలహీనుడి ఖాతాలో వేస్తే కాగితం నిలబడుతుంది గాని మనిషి నిలబడడని ఈ నేల రెండు వందల ఏళ్ళ క్రితమే చూపించింది.

మనం నేటికీ వాడుతున్న కాంట్రాక్టు చట్టం 1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. నాలుగేళ్ళు తిరగకుండానే 1876–78 మహాకరువు వచ్చి దత్తమండలాలను ఊడ్చేసింది. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు మాటలు మా ఊరి ముసలమ్మలు వాళ్ళ పెద్దల దగ్గర విన్నవి మాకు చెప్పేవారు. కాంట్రాక్టు చట్టంలో కరువు అనే మాట లేదు. 56వ సెక్షను ప్రకారం ఒప్పుకున్న పని చేయడం అసాధ్యమైతే ఒప్పందం రద్దవుతుంది. 74వ సెక్షను ప్రకారం కాగితంలో జరిమానా ఎంత రాసుకున్నా, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పించాలి. కొనుగోలు న్యాయమంతా ఈ రెండు సెక్షన్ల చుట్టూ తిరుగుతుంది.

ఇవి ఎలా వర్తిస్తాయో చెప్పిన తీర్పులు చాలావరకు ప్రభుత్వ కొనుగోళ్ళ తగాదాలే కావడం విశేషం. సర్కారు కొనుగోళ్ళకు 1922లో ఇండియన్ స్టోర్స్ డిపార్టుమెంటు ఏర్పడింది. స్వాతంత్ర్యం తర్వాత ఆ పని డి.జి.ఎస్. అండ్ డి. చేతికి వచ్చింది. మన ఆర్డరు వెనుక పేజీ షరతులు చాలావరకు దాని షరతులకు నకలే. 1953లో సుప్రీంకోర్టు, అసాధ్యం అంటే అక్షరాలా అసాధ్యం కానక్కరలేదు, ఒప్పందానికి పునాదే కదిలిపోతే చాలునంది. 1960లో సైన్యానికి నెయ్యి కొనిపెట్టే ఏజెంట్ల కేసులో, యుద్ధం వల్ల ఖర్చులు పెరిగి భారమైనంత మాత్రాన ఒప్పందం తప్పిపోదంది. 1963లో ఫతేచంద్ కేసులో, జరిమానా అంకె రాసి ఉన్నంత మాత్రాన అంతా వసూలు చేయరాదు, సమంజసమైనంతే అంది. 1969లో మౌలాబక్ష్ కేసు. ఆయన మిలిటరీకి ఉర్లగడ్డలు, కోళ్ళు, గుడ్లు, చేపలు సప్లయి చేసే కాంట్రాక్టరు. సరిగ్గా ఇవ్వలేదని డిపాజిట్టు జప్తు చేశారు. నష్టం రుజువు చేయకుండా డిపాజిట్టు మింగరాదని కోర్టు తీర్పు చెప్పింది. 1974లో రామన్ ఐరన్ ఫౌండ్రీ కేసులో మరో అడుగు వేసింది. నష్టపరిహారం తేలేవరకు అది బాకీ కాదు, కాబట్టి దానికోసం సప్లయరుకు చెందిన వేరే బిల్లులు ఆపరాదంది. 1983లో కమాలుద్దీన్ అన్సారీ కేసులో ఈ చివరి మాట వెనక్కు పోయింది. షరతు ఉంటే కొనుగోలుదారు వేరే బిల్లులు కూడా ఆపుకోవచ్చునని తేలింది. మా విభాగంలో ఆ తీర్పును సైక్లోస్టైలు తీయించి అందరికీ పంచాము.

ఇక నా సంగతి. 1987లో దేశమంతా కరువు. ఆ ఏడాది నా బల్లమీదికి ఒక ఫైలు వచ్చింది. హిందూపురం ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఎనిమిది మంది పనివాళ్ళతో ఒక చిన్న షెడ్డు. మనకు జింకు ప్లేటింగు చేసిన ఇనుపరేకు చాసిస్‌లు 1,200 ఇవ్వాలి, ఒక్కోటి రూ. 155. ఆయన 700 ఇచ్చాడు, అందులో 400 ఆలస్యంగా. తర్వాత ఆగిపోయాడు. ప్లేటింగుకు ప్రతి ముంపు తర్వాత మంచినీళ్ళతో కడగాలి. బోరు ఎండిపోయింది, కరెంటు కోత వేరే. గడువు పెంచమని రెండు ఉత్తరాలు రాశాడు.

ఒకరోజు స్వయంగా వచ్చాడు. సెక్యూరిటీ స్లిప్పు పట్టుకుని నా గది బయట చాలాసేపు నిలబడ్డాడట. లోపలికి వచ్చి, “సార్, మీదీ మన జిల్లానే అంట గదా” అన్నాడు. “బోరు ఎండిపాయ సార్. ట్యాంకరు నీళ్ళు తెప్పిస్తే ఉప్పునీళ్ళు, రేకు మీద మరకలు పడతాండాయి. మీ ఇన్‌స్పెక్షన్‌లో పాస్ కావు. మూడు నెలలు టైమిస్తే కడమవి ఇచ్చేస్తాను” అన్నాడు. నేను, “కూర్చోండి. రాతపూర్వకంగా ఇవ్వండి, చూస్తాము” అన్నాను. “రెండుసార్లు రాసిస్తిని సార్” అన్నాడు. నిజమే, ఆ రెండు ఉత్తరాలూ నా ముందున్న ఫైలులోనే ఉన్నాయి.

పర్చేజ్ వారు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. కరువు ఫోర్స్ మెజ్యూర్ కిందికి వస్తుందా? క్లాజులో వరద ఉంది, కరువు లేదు. ‘ఇటువంటి ఇతర కారణాలు’ అనే మాటలున్నాయి గనుక వాదించడానికి చోటుంది. నేను రాసినది ఇది: కరువు ఆ ప్రాంతానికి కొత్త కాదు, తక్కువ వర్షపాతం ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది, అక్కడ పరిశ్రమ పెట్టినవారు దానిని ముందే ఊహించి ఉండవలసింది, ఊహించగలిగినది ఫోర్స్ మెజ్యూర్ కాదు. నాలుగు వాక్యాలు. సంతకం చేసి పంపాను. న్యాయశాస్త్రం ప్రకారం అందులో తప్పు పట్టడం కష్టం. మా పై అధికారి మెచ్చుకున్నారు కూడా. ఆ నేలమీద పుట్టినందువల్ల నాకు తెలిసిన సంగతినే ఆ మనిషికి వ్యతిరేకంగా సాక్ష్యం చేశానని ఆ రోజు నాకు తోచలేదు.

ఆర్డరు రద్దయింది. ఆలస్యమైన 400కు ఎల్.డి. రూ. 3,100. మిగిలిన 500 వేరే చోట రూ. 183 చొప్పున కొన్నారు, తేడా రూ. 14,000. మొత్తం రూ. 17,100. ఆయనకు వేరే ఆర్డరు మీద మనం ఇవ్వవలసిన రూ. 21,400 బిల్లు అప్పటికే నాలుగు నెలలుగా మన దగ్గర ఉంది. 1983 తీర్పు చేతిలో ఉంది. అందులోనే పట్టుకుని మిగిలిన రూ. 4,300కు చెక్కు పంపారు.

నేను రాయని మూడు సంగతులు ఆ ఫైలులోనే ఉన్నాయి. ఒకటి, మొదటి నమూనా డ్రాయింగు ఆమోదించడానికి మన వారే ఐదు వారాలు తీసుకున్నారు. రెండు, చాసిస్‌లు రానందువల్ల మన అసెంబ్లీ ఒక్క రోజు కూడా ఆగలేదు. విదేశాల నుంచి రావలసిన విడిభాగాలే అప్పటికి రాలేదు. అంటే ఆలస్యం వల్ల మనకు నష్టమేదీ చూపలేము, ఫతేచంద్ కేసు ఎల్.డి. విషయంలో ఆయన పక్షాన ఉంది. మూడు, నాలుగు నెలల బిల్లు ఆగకుండా ఉంటే ఆయన కొత్త బోరు వేయించుకునేవాడేమో. ఈ మూడూ నాకు తెలుసు. అడిగినదానికి మాత్రమే జవాబు రాయాలన్నది మన ఆఫీసు ధర్మం. ఎల్.డి. మాఫీ చేస్తే ఆడిట్ పేరా వస్తుంది, విజిలెన్సు వారు ఎందుకు మాఫీ చేశారని అడుగుతారు. ఎల్.డి. వేస్తే ఎందుకు వేశారని ఎవ్వరూ అడగరు. ఏ ఒక్కరి దుర్మార్గమూ లేకుండానే చిన్నవాడికి అన్యాయం జరగడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఆర్బిట్రేషన్‌కు పోవచ్చు కదా అంటారు. ఆ క్లాజు ప్రకారం ఆర్బిట్రేటరు మన సంస్థ అధిపతి, లేదా ఆయన నియమించినవారు. ఎనిమిది మంది పనివాళ్ళున్న షెడ్డు యజమాని మన ఊరికి వచ్చి మన అధికారి ముందు మన మీద వాదించాలి. ఆయన రాలేదు.

మరుసటి ఏడు ఉగాదికి ఊరికి పోతూ హిందూపురంలో దిగి అటు వెళ్ళాను. షెడ్డుకు అప్పిచ్చినవారు వేసిన తాళం ఉంది. మన పదిహేడు వేలతోనే అది మూతపడిందని నేను అనను. కరువు, కరెంటు, వడ్డీ అన్నీ ఉన్నాయి. కాని అందులో మన భాగం కూడా ఉంది, దాని కింద నా సంతకం ఉంది.

ఆ తర్వాత నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. ఎల్.డి. మీద అభిప్రాయం అడిగిన ప్రతిసారీ, అడిగినా అడగకపోయినా, మూడు ప్రశ్నలు రాసేవాణ్ణి. మనవైపు ఆలస్యం ఎంత? మనకు జరిగిన నష్టం ఏమిటి? మనం ఇవ్వవలసిన బిల్లులు ఏమున్నాయి? దీనితో ఫైళ్ళు ఆలస్యమవుతున్నాయని కొందరు విసుక్కున్నారు. రెండోది, 1990ల్లో షరతులు సవరించినప్పుడు, ప్రభుత్వం కరువు మండలంగా ప్రకటించిన చోట ఉన్న చిన్న యూనిట్లకు ఎల్.డి. లేకుండా గడువు పెంచాలని ఒక వాక్యం ప్రతిపాదించాను. కమిటీవారు ‘ఆయా సందర్భాలను బట్టి’ అనే మాటలు చేర్చి ఆమోదించారు. ఆ మాటలు చేరడంతో సగం పదును పోయింది. అయినా నాకు గుర్తున్నంతవరకు నాలుగైదు ఆర్డర్లలో అది పనికి వచ్చింది.

చట్టం కూడా మెల్లగా అటే నడిచింది. చిన్న పరిశ్రమలకు ఆలస్యంగా చెల్లిస్తే వడ్డీ కట్టాలన్న చట్టం 1993లో వచ్చింది. దాని స్థానంలో 2006లో వచ్చిన ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం, కాగితంలో ఏమి రాసుకున్నా 45 రోజులకు మించి గడువు ఉండరాదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి, సూక్ష్మ, చిన్న యూనిట్లకు ఆ గడువులోగా చెల్లించని సొమ్మును కొనుగోలుదారు చెల్లించేదాకా తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేడు. జరిమానా విషయంలో సుప్రీంకోర్టు 2003లో ఓ.ఎన్.జి.సి. కేసులో, ముందుగా నిజాయితీగా అంచనా వేసుకున్న మొత్తమైతే నష్టం రుజువు లేకుండానే కోసుకోవచ్చునంది. 2015లో కైలాష్‌నాథ్ కేసులో, నష్టమే లేకపోతే పరిహారమూ లేదని స్పష్టం చేసింది. ఆర్బిట్రేషన్ చట్టానికి 2015లో వచ్చిన సవరణతో సంస్థ ఉద్యోగి ఆర్బిట్రేటరుగా ఉండరాదు. 2024 నవంబరు 8న రాజ్యాంగ ధర్మాసనం, ప్రభుత్వ సంస్థల కాంట్రాక్టుల్లో ఒక పక్షమే ఆర్బిట్రేటరును నియమించుకునే షరతు సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ రోజు పేపరు చదివి కాసేపు ఊరుకుండిపోయాను. డి.జి.ఎస్. అండ్ డి. కూడా 2017లో మూతపడింది, ప్రభుత్వ కొనుగోళ్ళకు ఇప్పుడు జెమ్ పోర్టల్ ఉంది.

ఈ సంగతులు పెన్షనర్లమైన మనకెందుకని అనుకోవద్దు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దానికి హంద్రీ–నీవా ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరే కృష్ణా నీరు ఉంది. పెద్ద పరిశ్రమకు నీటి ఏర్పాటు ముందే జరుగుతుంది, చిన్న షెడ్డుకు మాత్రం ఇప్పటికీ బోరే దిక్కు. మన పిల్లలు, అల్లుళ్ళు, మనవలు కొందరు ఇటువంటి చిన్న యూనిట్లు పెడుతున్నారు, కొందరు పెద్ద కంపెనీల పర్చేజ్‌లో పనిచేస్తున్నారు. యూనిట్ పెట్టేవారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆర్డరు వెనుక పేజీ చదవాలి. ఫోర్స్ మెజ్యూర్ జాబితాలో కరువు, నీటి కొరత రాయించుకోవాలి. సరుకు అందిన రసీదు, ఇన్‌స్పెక్షన్ తేదీ భద్రపరచుకోవాలి. చెల్లింపు ఆలస్యమైతే ఎం.ఎస్.ఎం.ఇ. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పర్చేజ్‌లో ఉన్నవారు నేను పైన రాసిన మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఆ హిందూపురం మిత్రుని జాడ తర్వాత రెండుసార్లు విచారించాను, తెలియలేదు. ఆయన ఉత్తరాలున్న ఫైలు నిబంధనల ప్రకారం గడువు తీరాక రికార్డు రూములో నుంచి తీసివేసి ఉంటారు. అందుకే ఈ సంచికలోనైనా ఈ మాట అచ్చులో ఉండాలని రాశాను. పర్చేజ్, ఇన్‌స్పెక్షన్, స్టోర్సు విభాగాలలో పనిచేసిన మిత్రులు తమకు గుర్తున్న ఇటువంటి సంగతులు వచ్చే సంచికకు పంపగలరని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.